పెద్దల పేరిట ఒక విస్తరి

ఖాజాగూడ గుట్టల మీద మూడు పుణ్యస్థలాలు దగ్గరదగ్గరగా ఉన్నాయి. మొదటిది బాబా ఫక్రుద్దీన్ ఔలియా దర్గా. 1347లో బహమనీ రాజ్యాన్ని స్థాపించిన అలావుద్దీన్ బహమన్ షాకు ఆయన గురువని, 1353లో ఆయనను ఇక్కడే ఖననం చేశారని చెబుతారు. ఫక్రుద్దీన్ గుట్ట అన్న పేరు ఆయన వల్లే వచ్చింది. రెండోది అనంత పద్మనాభస్వామి గుడి. మూడోది, 1951 అక్టోబరులో మెహెర్ బాబా ‘మనోనాశ్’ సాధన మొదలుపెట్టిన గుహ. ఈ మూడింటినీ మోస్తున్న రాతికి సుమారు 250 కోట్ల ఏళ్లు. చుట్టూ రాయదుర్గం, నానక్‌రామ్‌గూడ, గచ్చిబౌలి అద్దాల మేడలు, వాటిలో పనిచేసేవాళ్లు ఉండే హాస్టళ్లు, అపార్టుమెంట్లు. ఇంకాస్త అవతల, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం ఆవరణలో బృహచ్ఛిలాయుగపు సమాధులు బయటపడ్డాయి. తవ్వినచోట కుండలు, ఇనుప వస్తువులు దొరికాయి. అంటే ఇప్పుడు మనకు తెలిసిన రూపంలో ఏ మతమూ లేని కాలంలోనే ఈ నేల మీది మనుషులు పోయినవారి పక్కన కుండ పెట్టారు. ఈనాటికీ వాళ్ల పేరిట పొయ్యి మీద కుండ ఎక్కుతూనే ఉంది. ఇంత పాత అలవాటును ఒక్కసారైనా నిలదీసి అడగాలి. పోయినవారి పేరు చెప్పి వండడం, నలుగురినీ పిలిచి కూర్చోబెట్టి తినడం ఎవరి కోసం? పోయినవారి కోసమా, ఉన్నవారి కోసమా? ఉన్నవారి కోసమే అయితే దాన్ని ధర్మం అనాలా, ఉత్త ఓదార్పు అనాలా? నా వాదన ఇది: ఆ ముద్ద పోయినవారికి చేరుతుందని నిరూపించలేం, నిరూపించాల్సిన పనీ లేదు. అది బతికున్న మరొకరికి చేరినప్పుడే పోయినవారికి మనం పడ్డ బాకీ తీరుతుంది. కాబట్టి పంక్తిలో పుట్టే ఆ ఆత్మీయతను ధర్మానికి తోకలా అంటుకున్న సుఖంగా చూడకూడదు. ధర్మం నెరవేరేది అందులోనే.

ముందు మన కళ్లెదుట జరిగేది చూద్దాం. తెలంగాణలో భాద్రపద అమావాస్యను పెత్రమాస అంటారు. ఆ పొద్దున పెద్దలకు బియ్యం ఇస్తారు. బియ్యం, పప్పు, ఉప్పు, చింతపండు, కూరగాయలు విస్తరిలో సర్ది, పోయినవారి పేర్లు ఒక్కొక్కటే తలుచుకుని అయ్యగారి చేతికి అందిస్తారు. ఇంట్లో వాళ్లకు ఇష్టమైనవి వండుతారు. అదే సాయంత్రం అదే వాకిట్లో ఎంగిలిపూల బతుకమ్మ పేరుస్తారు. తొమ్మిది రోజుల పండుగకు అది మొదటి రోజు. నువ్వులు, బియ్యప్పిండితో మొదలైన నైవేద్యం చివరికి పెరుగన్నం, పులిహోర, కొబ్బరి, నువ్వుల సద్దులతో ముగుస్తుంది, ఆడబిడ్డలు ఆ సద్దులు ఒకరికొకరు పంచుకు తింటారు. 2014లో రాష్ట్ర పండుగ అయిన బతుకమ్మ గురించి ఎన్నో మాటలు వింటాం గానీ, పొద్దున పితరుల తిథి, మాపున పాటల తిథి ఒక్కటే కావడం గురించి తక్కువ వింటాం. కోస్తాలో సంక్రాంతి పెద్దల పండుగ కూడా. కొత్త బట్టలు ముందు పెద్దలకు పెట్టి తర్వాతే కట్టుకుంటారు. షబ్-ఎ-బరాత్ రాత్రి ముస్లింలు ఖబరస్తాన్‌కు వెళ్లి దువా చేస్తారు, చాలా ఇళ్లలో హల్వా చేసి ఇరుగుపొరుగుకు పంచుతారు. నవంబరు 2న క్రైస్తవులు సమాధులను శుభ్రం చేసి పూలు, కొవ్వొత్తులు పెడతారు. అసలు వాళ్ల ఆరాధన నడిబొడ్డున ఉన్నదే రొట్టె, ద్రాక్షారసంతో చేసుకునే జ్ఞాపకం. చావు తర్వాత ఏమవుతుందన్న విషయంలో ఈ మూడు మతాలకూ పొత్తు కుదరదు. ఒకరిది పునర్జన్మ, ఒకరిది తీర్పుదినం, ఒకరిది పునరుత్థానం. సిద్ధాంతాలు ఇంత దూరంగా ఉండి ఆచరణ ఇంత దగ్గరగా ఉన్నప్పుడు, ఆచరణ ఆ సిద్ధాంతాల మీద ఆధారపడి నిలబడలేదనే అనుకోవాలి. దాని పునాది ఇంకెక్కడో ఉంది.

అందరూ కలిసి పొరపాటు పడకూడదా అని అడగవచ్చు. ఆ ప్రశ్నను అందరికంటే పదునుగా అడిగినవాడు బయటివాడు కాదు, వాల్మీకి రామాయణంలోనే ఉన్నాడు. అయోధ్యాకాండలో, రాముణ్ని వెనక్కి పిలవడానికి భరతుడు చిత్రకూటానికి వచ్చినప్పుడు, వెంట వచ్చిన జాబాలి శ్రాద్ధాన్ని తిండి దండగ అంటాడు. చచ్చినవాడు ఏం తింటాడు? ఇక్కడ ఒకడు తిన్నది మరొకడి ఒంటికి చేరేటట్లయితే ఊరికెళ్లేవాడికి ఇంట్లోనే పెట్టేస్తే సరిపోతుంది, దారిబత్తెం ఎందుకు? 14వ శతాబ్దంలో, విజయనగర కాలంలో మాధవాచార్యుడు సర్వదర్శన సంగ్రహం రాస్తూ మొదటి అధ్యాయంలోనే చార్వాకుల నోట ఇదే వాదం వినిపించాడు. పైగా ఇదంతా పురోహితుల బతుకుతెరువు అని కూడా అనిపించాడు. మన వేమన పిండాలు పెట్టి కాకులను పిలిచేవాళ్లను ఎంత పరుషంగా తిట్టాడో తెలుగువాళ్లకు వేరే చెప్పనక్కరలేదు. పురాణాలు దీనికి జవాబు చెప్పాయి: నామగోత్రాలే ముద్దను మోసుకెళతాయి, పితరులు ఏ జన్మలో ఉంటే ఆ జన్మకు తగిన ఆహారంగా అది మారుతుంది అని. నమ్మేవారికి అది చాలు. నమ్మనివారిని ఒప్పించడానికి అది చాలదు, ఎందుకంటే ఏది నిరూపించాలో దాన్నే ముందుగా అంగీకరించమంటుంది. ఇక్కడ జాబాలిదే పైచేయి అని ఒప్పుకోవడమే నిజాయితీ. రాముడు ఆయన మీద కోపగించాడు నిజమే, కానీ రాముడి సమాధానం ఎక్కువగా సత్యం గురించీ నడవడి గురించీ సాగుతుంది. ముద్ద ఏ దారిన చేరుతుందో చెప్పడానికి ఆయన పూనుకోలేదు.

అయితే రాముడి అసలు జవాబు మాటల్లో లేదు, అంతకు కొద్ది సర్గల ముందు ఆయన చేసిన పనిలో ఉంది. తండ్రి పోయాడని భరతుడి వల్ల విన్నాక మందాకినీ తీరంలో ఇంగుదీ పిండిలో రేగుపళ్లు కలిపి, దర్భల మీద పిండం పెడతాడు. మేం తినేది ఇదే, మా దేవతలకూ ఇదే అని చెప్పుకుంటాడు. తర్వాత కౌసల్య ఆ పిండాన్ని చూసి, చక్రవర్తి ఈ తిండి ఎలా తింటాడని ఏడుస్తుంది. ఈ ఘట్టంలో దశరథుడి ఆకలి గురించిన లెక్క ఏదీ లేదు. అడవిలో ఉన్న కొడుకు తన పూటకు దొరికినదానిలో తండ్రికి వంతు పెట్టాడు. వంతు పెట్టడమంటే, పోయినవాడు ఇంకా ఈ ఇంటి లెక్కలో ఉన్నాడని ప్రకటించడం. జాబాలి ప్రశ్న జీర్ణక్రియకు సంబంధించింది, రాముడి చర్య సంబంధానికి సంబంధించింది. ఒకదాని కొలతతో రెండోదాన్ని కొలిస్తే అది దండగగానే కనిపిస్తుంది.

ఇలా చెప్పడం ఆస్తికుడి తప్పించుకునే మాట అనుకునేవారికి పరలోకాన్ని నమ్మని ఒకడి వీలునామా చూపించాలి. గ్రీసు తత్వవేత్త ఎపిక్యూరస్ క్రీ.పూ. 270 ప్రాంతంలో చనిపోయాడు. చావుతో దేహమూ ఆత్మా కలిసే చెదిరిపోతాయని, చావు మనకు ఏమీ కాదని బతికినంతకాలం బోధించినవాడు. జాబాలికి ఇంతకంటే దగ్గరి చుట్టం దొరకడు. అలాంటివాడు తన వీలునామాలో తన ఆస్తి రాబడిలో కొంత తన తల్లికి, తండ్రికి, అన్నదమ్ములకు చేసే అర్పణలకు కేటాయించాడు. తన పుట్టినరోజు ఎప్పటిలా జరపమన్నాడు. ప్రతి నెలా ఇరవయ్యో తేదీన తన స్నేహితులు చేరి, తననూ తనకంటే ముందే పోయిన మిత్రుడు మెట్రోడోరస్‌నూ తలుచుకోవాలని రాశాడు. ఆ ఇరవయ్యో తేదీ విందు ఆయన పోయిన రెండు వందల ఏళ్లకు కూడా ఇటలీలో జరుగుతూ ఉండేది. ఫిలొడెమస్ అనే అనుయాయి తన పోషకుణ్ని దానికి పిలుస్తూ కవిత రాశాడు. ఏం తింటామని చూసేకంటే ముందు ఎవరితో తింటామని చూసుకోవాలని ఎపిక్యూరస్ చెప్పినట్లు రోమన్ తత్వవేత్త సెనెకా రాశాడు. పరలోకాన్ని పూర్తిగా కొట్టేసినవాడికి కూడా పోయిన స్నేహితుడి పేరిట విందు అర్థవంతంగా కనిపించిందంటే, ఆ విందుకు పరలోకం అవసరం లేదని తేలినట్లే. అలాగని పరలోకాన్ని నమ్మేవారికి అది అడ్డమూ కాదు. ఇద్దరూ ఒకే పంక్తిలో కూర్చోవచ్చు.

మరి దాని పునాది ఏమిటి? నా ఉద్దేశంలో అది రుణం. పుట్టుకతోనే ఋషులకు, దేవతలకు, పితరులకు బాకీ ఉంటుందని తైత్తిరీయ సంహిత చెబుతుంది. శతపథ బ్రాహ్మణం నాలుగో బాకీని కలిపింది, అది తోటి మనుషులది. వారికి ఆశ్రయం ఇచ్చి, అన్నం పెడితే అది తీరుతుంది. ఈ రెండు గ్రంథాలనూ పక్కపక్కన పెడితే ఒక చిక్కు కనిపిస్తుంది. తల్లి మనకు పెట్టింది, తల్లికి మనం అంతా తిరిగి పెట్టలేం. ఆమె పోయాక ఆ అవకాశం పూర్తిగా మూసుకుపోతుంది. ఇచ్చినవారికే తిరిగి ఇస్తే తీరే బాకీ అయితే అది శాశ్వతంగా మిగిలిపోవలసిందే. తీర్చడానికి ఒకటే దారి: ఆమె మనకు చేసినదాన్ని మనం మరొకరికి చేయడం. ఇక్కడ పితృరుణం, మనుష్యరుణం ఒకే గుమ్మంలో కలుస్తాయి. మనిషిలో అన్నిటికంటే ఆ మనిషిదైనది ఏది అని అడిగితే, రూపం అనో మాట అనో చెప్పడం కంటే ఆమె ఎవరికి ఏం పెట్టిందో, ఎవరిని ఎలా చూసుకుందో చెప్పడమే సరైన జవాబు. ఆ పెట్టడం కొనసాగితే ఆమెలో అతి ముఖ్యమైనది కొనసాగినట్లే. దీనికి ఆత్మ సిద్ధాంతం అడ్డురాదు, దానిమీద ఆధారపడదు కూడా. పోయినవారి ఫొటోకు దండ వేసి తలుపులు మూసుకు తినడం వల్ల ఈ బాకీ తీరదు. తలుపు తీసి, పీట వేస్తేనే తీరుతుంది.

ఇస్లాం సంప్రదాయంలో దీనికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ ఉంది. ప్రవక్త ముహమ్మద్ మొదటి భార్య ఖదీజా చనిపోయి ఏళ్లు గడిచాక కూడా ఆయన గొర్రెను కోసినప్పుడు కొన్ని భాగాలు ఖదీజా స్నేహితురాళ్లకు పంపేవారని ఆయన మరో భార్య ఆయిషా చెప్పగా హదీసు గ్రంథాల్లో నమోదైంది. ఖదీజాకు ఆయన ఏమీ పెట్టలేదు. ఆమె ప్రేమించినవారికి పెట్టాడు. ప్రేమ పోయిన మనిషి దగ్గర ఆగిపోకుండా, ఆ మనిషి చూపించిన దిక్కుకు నడిచింది. ఆహారం, స్నేహం, జ్ఞాపకం మూడూ ఒకే పనిలో ఇంత పొందికగా కుదిరిన సందర్భాలు అరుదు. ముతా యుద్ధంలో జాఫర్ అనే సహచరుడు చనిపోయినప్పుడు, ఆ ఇంటివాళ్లు దుఃఖంలో ఉన్నారు కనుక వాళ్లకు మీరు వండి పంపండి అని ప్రవక్త ఇతరులకు చెప్పినట్లు కూడా ఉంది. తెలుగు పల్లెల్లో చావు జరిగిన ఇంట పొయ్యి వెలిగించకుండా చుట్టాలూ ఇరుగుపొరుగూ వండి తెచ్చే ఆచారానికీ దీనికీ తేడా ఏముంది? ముందు నలుగురూ దుఃఖం ఉన్న ఇంటికి అన్నం తెస్తారు, కొన్నాళ్లకు ఆ ఇంటివాళ్లే నలుగురికీ అన్నం పెడతారు. దినాల నాటి భోజనం ఆ ఇల్లు మళ్లీ లోకంలోకి వచ్చిందనడానికి గుర్తు. దుఃఖితుడు తీసుకునేవాడి స్థానం నుంచి పెట్టేవాడి స్థానానికి మారతాడు. ఓదార్పు అని తేలిగ్గా కొట్టేసేదాని లోపల ఇంత క్రమశిక్షణ ఉంది.

స్నేహితుల మాట వచ్చింది కనుక సంప్రదాయం లోపలి నుంచే వచ్చే గట్టి అభ్యంతరం ఎదుర్కోవాలి. మనుస్మృతి మూడో అధ్యాయం శ్రాద్ధంలో మిత్రుడికి భోజనం పెట్టవద్దంటుంది. స్నేహాన్ని ధనంతో సంపాదించుకోవాలి గాని శ్రాద్ధంతో కాదని, శ్రాద్ధాన్ని స్నేహాల కోసం వాడుకునేవాడికి పరలోక ఫలం దక్కదని చెబుతుంది. అలాంటప్పుడు పెద్దల పేరిట స్నేహితుల కూడిక అంటే ఆచారాన్ని విందుగా దిగజార్చడం కాదా? ఈ నియమం వెనుక ఉన్న భయం ఏమిటో చూడాలి. ఇవాళ నేను నిన్ను పిలుస్తాను, రేపు నువ్వు నన్ను పిలువు అన్న ఇచ్చిపుచ్చుకోళ్ల లెక్కలోకి పోయినవారి పేరు జారిపోతుందన్నదే ఆ భయం. అది న్యాయమైన భయం. అది నా వాదనకు బలమే ఇస్తుంది, ఎందుకంటే తిరిగి రాదని తెలిసి పెట్టినప్పుడే బాకీ తీరుతుందని నేనూ అంటున్నాను. కాబట్టి మినహాయించవలసింది లావాదేవీని, స్నేహాన్ని కాదు. ఆ మాటకొస్తే తగిన పాత్రుడు దొరకనప్పుడు మిత్రుణ్ని పిలవవచ్చని మనువే కొంచెం ముందుకెళ్లాక సడలింపు ఇచ్చాడు. లెక్క చూడని స్నేహం ఎలా పుడుతుందంటే అరిస్టాటిల్ జవాబు పాతకాలపు సామెతే: కలిసి ఉప్పు తినకుండా ఒకరినొకరు ఎరగరు. స్నేహానికి కాలం కావాలి, అలవాటు కావాలి. ఏడాదికోసారి వచ్చే తిథి ఆ అలవాటుకు ఒక గడువు పెడుతుంది. పోయినవారి గురించి తెలియని స్నేహితుడు మనలో సగాన్నే ఎరుగును. వాళ్లు వండినట్టే వండిన చింతచిగురు పప్పు ముందు కూర్చున్నప్పుడు ఆ మిగతా సగం మాటల్లోకి వస్తుంది.

ఇక ఇంకో వైపు నుంచి, ఈసారి జ్ఞానమార్గం నుంచి, మరో అభ్యంతరం. పండితులు పోయినవారి కోసం శోకించరని గీత చెబుతుంది. తలపులే బంధమైతే తలుచుకోవడం కోసం ఒక రోజు, ఒక వంట, ఒక కూడిక పెట్టుకోవడం బంధాన్ని పెంచడం కాదా? ఖాజాగూడ గుహ ఈ ప్రశ్నను మన ముందు ప్రత్యక్షంగానే ఉంచుతుంది. మనసునే అంతం చేసుకునే సాధనకు మెహెర్ బాబా ఎంచుకున్న చోటు అది. కానీ ఆ దశలో కూడా ఆయన వెంట కొద్దిమంది సహచరులు ఉన్నారు. దానికి ముందు 1949లో మొదలైన ‘నవజీవనం’ అనే దశలో ఆయనా ఆయన వెంట ఉన్న బృందమూ భిక్ష అడిగి తిన్నారు. భిక్ష అంటే ఎవరో వండిన అన్నం. ఏకాంతానికి కూడా ఒక ఇల్లాలి పొయ్యి ఆధారం. 1969 జనవరి 31న ఆయన దేహం వదిలాక, ఆ తేదీన ఏటా ఆయన అనుయాయులు ఆయన సమాధి ఉన్న మెహెరాబాద్‌లో వేల సంఖ్యలో చేరతారు, మౌనం పాటిస్తారు. మనసును మించమన్నవాడి కోసం కూడా మనుషులు కలుసుకోకుండా ఉండలేకపోయారు. తైత్తిరీయోపనిషత్తు భృగువల్లి ఈ ముడిని ఇంకా చక్కగా విప్పింది. వరుణుడి కొడుకు భృగువు తపస్సు చేసి అన్నమే బ్రహ్మమని మొదట గ్రహిస్తాడు, దాన్ని దాటి ప్రాణం, మనసు, విజ్ఞానం, చివరికి ఆనందం దాకా వెళతాడు. అంతటితో ఆగిపోవచ్చు. కానీ ఉపనిషత్తు మళ్లీ అన్నం దగ్గరికి వస్తుంది: అన్నాన్ని నిందించకు, ఎక్కువగా పండించు, ఇంటికి వచ్చినవాణ్ని తిప్పి పంపకు అని వ్రతాలు విధిస్తుంది. పై మెట్టు ఎక్కినవాడికి కింది మెట్టు అనవసరం కాలేదు. దాని విలువ అప్పుడే తెలిసింది. నిర్లిప్తత అంటే తలుచుకోకపోవడం కాదు, తలుచుకున్నది నాకే మిగలాలని పట్టుబట్టకపోవడం. పంచిన జ్ఞాపకం బంధించదు.

అన్నిటికంటే కష్టమైన అభ్యంతరం చరిత్ర నుంచి వస్తుంది. పంక్తి అనగానే మనకు వెచ్చగా అనిపిస్తుంది గాని, ఈ దేశంలో పంక్తి ఎవరిని కూర్చోబెట్టిందో అంతకంటే ఎక్కువమందిని బయట నిలబెట్టింది. ఇప్పటికీ కార్తీక మాసం వస్తే హైదరాబాద్ చుట్టుపక్కల తోటల్లో ఉసిరి చెట్టు కింద కులానికో వనభోజనం జరుగుతుంది. మనవాళ్ల మధ్య ఆత్మీయత అనేది మనవాళ్లు కానివారి పట్ల గోడగా మారడం చాలా సులువు. ఈ నేరాన్ని కాదనలేం. కానీ దీనికి విరుగుడు కూడా ఇదే సంప్రదాయంలో, అదీ పోయినవారి స్మరణలోనే పుట్టింది. 12వ శతాబ్దపు పల్నాటి యుద్ధ వీరుల స్మృతిగా కారంపూడిలో ఏటా కార్తీక అమావాస్య నుంచి అయిదు రోజులు వీరారాధన ఉత్సవాలు జరుగుతాయి. అందులో మందపోరు అనే రోజున చాపకూడు పెడతారు. చాపలు పరచి, కులం అడగకుండా అందరినీ ఒకే వరసలో కూర్చోబెట్టి వడ్డిస్తారు. మాల కన్నమదాసును కొడుకుగా చేరదీసిన బ్రహ్మనాయుడు మొదలుపెట్టాడని చెప్పుకునే ఆచారం అది. ఆ వీరుల మీద ఉన్న భక్తి ఈ పంక్తిలో కూర్చోకుండా నెరవేరదు. చచ్చిపోయినవారి జ్ఞాపకం బతికున్నవారి మధ్య గోడ కూల్చడానికి పనికొస్తుందని ఇంతకంటే రుజువు అక్కరలేదు. దర్గాల దగ్గరా ఇదే కనిపిస్తుంది. ఉర్సు నాడు వడ్డించేచోట ఎవరు ఏ మతమని అడగరు. కాబట్టి కొలబద్ద ఒకటి మన చేతికి వచ్చింది. పెద్దల పేరిట వేసిన పంక్తిలో, వేసినవాడికి ఏమీ కాని మనిషి ఒక్కడైనా ఉన్నాడా? లేకపోతే అది కుటుంబ విందు; తప్పేమీ లేదు గాని బాకీ మాత్రం అలాగే ఉంది.

ఈ కొలబద్దతోనే ఇవాళ్టి రెండు అతులను చూడవచ్చు. ఒకటి ఆర్భాటం. పెద్దకర్మకు ఫ్లెక్సీలు, పందిళ్లు, వందల ప్లేట్లు, ఊళ్లలో అప్పు చేసి మరీ మాంసం, మందు. ఇందులో పోయినవారి పేరు ఉంటుంది గాని, లెక్క అంతా ఎంతమంది వచ్చారన్నదాని మీదే ఉంటుంది. మనువు భయపడ్డ లావాదేవీ ఇదే. పోయినవారి గురించి ఒక్క మాటా వినిపించని పెద్ద భోజనం కంటే పది మంది కూర్చుని వాళ్ల కబుర్లు చెప్పుకునే చిన్న భోజనం మేలు. రెండోది, ఖాజాగూడ లాంటి చోట్ల ఎక్కువగా ఎదురయ్యేది, ఒంటరితనం. ఎక్కడెక్కడి జిల్లాల నుంచో వచ్చి ఇరవయ్యో అంతస్తులోనో హాస్టల్ గదిలోనో ఉండేవారికి తిథి గుర్తుండదు, గుర్తున్నా పెత్రమాసకు చాలా ఆఫీసుల్లో సెలవుండదు, కాకి వచ్చి వాలే గోడ ఉండదు. అప్పుడు డబ్బు కట్టేస్తే సరిపోదా అన్న ప్రశ్న వస్తుంది. తిరుమలలో 1985లో మొదలైన నిత్యాన్నదానానికి ఎంతోమంది తమవారి వర్ధంతి పేరిట విరాళం ఇస్తారు, ముక్కూ మొహం తెలియని యాత్రికుల కడుపు ఆ పేరుతో నిండుతుంది. నేను చెప్పిన కొలబద్ద ప్రకారం అది నిండు నూరుపాళ్లు ధర్మమే. కానీ అందులో ఒక లోటు ఉంది. తిన్నవారికి ఆ పేరు తెలియదు, పెట్టినవారికి ఆ ముఖాలు తెలియవు. ఆకలి తీరింది, జ్ఞాపకం మాత్రం చేతులు మారలేదు. పోయినవారు ఎలా నవ్వేవారో, పులుసులో ఎంత బెల్లం వేసేవారో మరొకరికి చెప్పడం డబ్బు చేయలేని పని. అందుకు ఎదురుగా ఒక మనిషి కూర్చోవాలి.

ఇదంతా ఆచారాలను పలచబరచడం అని ఆచారపరులు, మూఢనమ్మకానికి కొత్త రంగు వేయడం అని హేతువాదులు అనవచ్చు. మంత్రంతో తద్దినం పెట్టేవారిని మానమని నేను అనడం లేదు; ఆ మంత్రం పూర్తయ్యాక విస్తరి ఎటు వెళుతుందో చూడమంటున్నాను. స్నాతకుడికి గురువు చేసే ఉపదేశంలో పితృకార్యాన్ని ఏమరవద్దని చెప్పిన తైత్తిరీయమే తల్లినీ తండ్రినీ గురువునూ అతిథినీ ఒకే వరసలో నిలిపింది. పితరులను, అతిథిని విడదీసి చూడడం మన సౌకర్యం కోసం మనం చేసుకున్న పని. హేతువాదికి చెప్పేది ఇంకా సులువు. ముద్ద చేరుతుందా అన్న ప్రశ్నలో నువ్వే నెగ్గావు. ఇప్పుడు మీ అమ్మ నీకు పెట్టినదంతా ఎవరికి తిరిగి ఇస్తావో చెప్పు. జాబాలి దగ్గర దీనికి జవాబు లేదు, ఎపిక్యూరస్ దగ్గర ఉంది.

కాబట్టి ఈ ఏడు పెత్రమాస నాడో, మీవారి తిథి నాడో, షబ్-ఎ-బరాత్ నాడో, నవంబరు 2ననో, ఏ నమ్మకమూ లేకపోతే వాళ్లు పోయిన తేదీననో, వాళ్లకు ఇష్టమైన ఒక వంట మీ చేతులతో చేయండి. రాదంటే కొనుక్కు తెచ్చినా ఫరవాలేదు. రాముడు కూడా దొరికిందే పెట్టాడు. స్నేహితులను పిలవండి. పక్క ఫ్లాటులో ఉండి పేరు తెలియని మనిషిని, పండక్కి ఊరికి పోలేని హాస్టల్ పిల్లను, మీ గేటు దగ్గర రాత్రంతా కూర్చునే వాచ్‌మన్‌ను పిలవండి, మీతో సమానంగా కూర్చోబెట్టి వడ్డించండి. తింటున్నప్పుడు పోయినవారి పేరు ఒకసారి పైకి చెప్పండి, వాళ్ల గురించి ఒక సంగతి చెప్పండి, మిగతావాళ్లను వాళ్లవాళ్ల గురించి అడగండి. పితృరుణం తీర్చడానికి ఇంతకంటే ఖర్చు లేదు, ఇంతకంటే దగ్గరి దారీ లేదు.